తెరకు అవతల ఎవరు?

ఆన్‌లైన్ మానసిక చికిత్స: రుజువులు, హద్దులు, మన పరిస్థితి

ఆందోళనకు, కుంగుబాటుకు, ట్రామాకు ఫోన్‌లోనే చికిత్స దొరుకుతుందంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోవడం లేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్‌ను ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా కౌన్సెలర్‌తో తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చేమీ ఉండదు. ప్రైవేటులో అయితే వీడియో సెషన్‌కు కొన్ని వందల నుంచి మూడు వేల రూపాయల దాకా అడుగుతున్నారు. అర్ధరాత్రి రెండింటికి కూడా మాట కలిపే చాట్‌బాట్‌లు ఇంకో పక్క ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఆన్‌లైన్ థెరపీ’ అనేస్తున్నాం. అందుకే పనిచేస్తుందా అని అడిగితే ఒకరు ‘నన్ను నిలబెట్టింది అదే’ అంటారు, ఇంకొకరు ‘డబ్బు దండగ’ అంటారు. చాలాసార్లు ఆ ఇద్దరూ మాట్లాడేది ఒకే దాని గురించి కాదు.

గత పాతికేళ్ల పరిశోధనలను వరసగా చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. మంచి ఫలితం వచ్చిన దాదాపు ప్రతిచోటా తెర వెనక ఒక ఏర్పాటు ఉంది: శిక్షణ పొందిన మనిషి, వారం వారం నడిచే ఒక క్రమం, ప్రమాదం ముంచుకొస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్న పద్ధతి, తప్పు జరిగితే నిలదీయడానికి ఒక చోటు. మన దగ్గరికి తెర తొందరగా వచ్చేసింది. ఆ ఏర్పాటు మాత్రం ఇంకా సగం దారిలోనే ఉంది.

కొత్త మాటేమీ కాదు

దూరాన ఉన్న రోగిని తెర మీద పలకరించడం కోవిడ్‌తో మొదలవలేదు. అమెరికాలోని నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్ 1950ల చివర్లోనే క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ సాయంతో గ్రూప్ థెరపీ నడిపింది. 1964లో ఒమాహా నుంచి 112 మైళ్ల అవతల ఉన్న నార్ఫోక్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి టీవీ లైను కలిపింది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ 2001లో ‘మూడ్‌జిమ్’ పేరుతో వెబ్ పాఠాలు పెట్టింది. స్టాక్‌హోమ్‌లో ఇంటర్నెట్ సైకియాట్రీ క్లినిక్ 2007 నుంచి మామూలు ప్రభుత్వ వైద్యసేవల్లో ఒకటిగా నడుస్తోంది.

మన దక్షిణాదిలో చెన్నైకి చెందిన స్కార్ఫ్ సంస్థ 2010లో పుదుక్కోట్టై జిల్లా పల్లెలకు ఒక బస్సు పంపింది. రోగి బస్సులో కూర్చుంటే చెన్నైలోని సైకియాట్రిస్టు తెర మీద చూసేవారు. ఆ బస్సులోనే మందులు ఇచ్చేవారు, ఊళ్లో స్థానిక కార్యకర్తలు రోగులను తరవాత కూడా కనిపెట్టుకుని ఉండేవారు. తెర ఒక్కటే సరిపోదని ఆ పని మొదలుపెట్టినవాళ్లకు ముందే తెలుసు.

దేశమంతటికీ నిబంధనలు వచ్చింది మాత్రం లాక్‌డౌన్ మొదలైన రోజే. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదలయ్యాయి. అదే ఏడాది నిమ్‌హాన్స్, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కలిసి టెలిసైకియాట్రీకి విడిగా విధివిధానాలు రూపొందించాయి.

ఒకే పేరు, మూడు పనులు

రుజువుల్లోకి వెళ్లేముందు ఒక విభజన అవసరం. మొదటిది వీడియోలో నడిచే థెరపీ. క్లినిక్‌లో జరిగే సెషనే తెర మీద జరుగుతుంది. రెండోది, థెరపిస్టు పర్యవేక్షించే ఇంటర్నెట్ కోర్సు. ఎనిమిది నుంచి పన్నెండు వారాల పాటు వారానికో పాఠం, ఇంటి దగ్గర చేయాల్సిన సాధన ఉంటాయి. థెరపిస్టు ప్రతి వారం కొన్ని నిమిషాలు కేటాయించి రాసి పంపినవి చదువుతారు, జవాబిస్తారు, ఆగిపోయినవాళ్లను పలకరిస్తారు. మూడోది ఏ మనిషీ లేకుండా ఎవరికి వాళ్లు చేసుకునే యాప్, పాఠం, చాట్‌బాట్. హెల్ప్‌లైన్ ఈ మూడింటిలో దేని కిందికీ రాదు. అది ఆ గంట గడిపించి, సరైన తలుపు చూపించే సేవ. దాన్ని థెరపీ అనుకుని ఫోన్ చేసినవాళ్లు నిరాశపడతారు.

కుంగుబాటు, ఆందోళన: రుజువులు గట్టివే

ఆన్‌లైన్‌లో ఎక్కువగా పరీక్షకు నిలిచింది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960లలో ఏరన్ బెక్ వేసిన పునాదుల మీద పెరిగిన పద్ధతి ఇది. ఆలోచనకూ చేతకూ మధ్య ఉన్న ముడిని పట్టుకుని, దాన్ని మెల్లగా విప్పడం దీని పని. పాఠాలుగా, సాధనలుగా విడగొట్టడానికి వీలైన పద్ధతి కాబట్టి ఇంటర్నెట్‌లో బాగా ఇమిడింది.

పెర్ కార్ల్‌బ్రింగ్ బృందం 2018లో 20 అధ్యయనాలను ఒకచోట చేర్చి, ఇంటర్నెట్ సీబీటీని ముఖాముఖి సీబీటీతో పోల్చింది. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కుంగుబాటు, పానిక్, నలుగురిలో భయం లాంటి సమస్యలన్నీ అందులో ఉన్నాయి.

దీనికి ఎదురుగా నిలిచే అధ్యయనం కూడా ఒకటుంది. ఇంగ్లండులో 691 మంది కుంగుబాటు రోగులతో జరిగిన రీయాక్ట్ ట్రయల్ ఫలితాలు 2015లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు డాక్టరు చికిత్సకు తోడు కంప్యూటర్ సీబీటీ ప్రోగ్రాములు ఇస్తే అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. ఇక్కడ గమనించాల్సింది, రోగులకు ఫోన్‌లో అందిన సాయం ఎక్కువగా సాంకేతికమైనదే. పాఠాలన్నీ పూర్తి చేసినవాళ్లు ఐదో వంతు కూడా లేరు. కుంగుబాటులో ఉన్న మనిషికి మంచం దిగడమే పెద్ద పని. ‘లాగిన్ అయి ఐదో పాఠం చేయండి’ అని యంత్రం పంపే సందేశం అతన్ని లేపలేదు.

ఈ రెండు ఫలితాల మధ్య ఉన్న చిక్కుముడిని 2021లో ఎయిరిని కార్యోటాకి బృందం విప్పింది. 39 ట్రయల్స్‌లో పాల్గొన్న సుమారు పది వేల మంది వివరాలను ఒక్కొక్కరివిగా విశ్లేషించారు. కుంగుబాటు తేలికగా ఉన్నవాళ్లకు మనిషి సాయం ఉన్నా లేకపోయినా ఫలితం దాదాపు ఒకటే. ఓ మోస్తరు స్థాయి దాటిందంటే మనిషి తోడున్న కోర్సుదే పైచేయి. ఆన్‌లైన్ థెరపీ కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అధ్యయనం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఆందోళన విషయంలో ఆన్‌లైన్‌కు ఒక సహజమైన అనుకూలత కూడా ఉంది. ఆందోళన చికిత్సకు గుండెకాయ ఎక్స్‌పోజర్: భయపడి తప్పించుకుంటున్న దాన్ని చిన్న చిన్న మెట్లుగా ఎదుర్కోవడం. బస్సెక్కితే గుండె దడ వచ్చేవాళ్లకు ఆ భయం క్లినిక్‌లో ఉండదు, బస్టాండులో ఉంటుంది. పదేపదే చేతులు కడిగేవారి సమస్య వాళ్లింటి పంపు దగ్గర ఉంటుంది. ఫోన్‌లో థెరపిస్టు అక్కడిదాకా తోడు రాగలరు. అయితే అదే తెర దాక్కోవడానికి చాటు కూడా అవుతుంది. నలుగురిలోకి వెళ్లలేనివాళ్లు ఇంట్లోంచి కదలకుండా, కెమెరా ఆపేసి నెలల తరబడి మాట్లాడుతుంటే అది చికిత్సలా కనిపించే తప్పించుకోవడమే. తెలిసిన థెరపిస్టు కొన్ని వారాలు ఓపిక పట్టి, ఆ తరవాత ‘ఈసారి కెమెరా పెడదామా’ అని అడుగుతారు. ఆ అడగడం కూడా వైద్యంలో భాగమే.

కుంగుబాటుకు వాడే బిహేవియరల్ యాక్టివేషన్ ఇంకా సరళం. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని ఆగకుండా, చిన్న పనులతో మొదలుపెట్టి మనసును వెంట తెచ్చుకోవడం. గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఈ పద్ధతిని డిగ్రీలు లేని స్థానికులకు నేర్పి, ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో తీవ్ర కుంగుబాటు రోగులకు మేలు చేయగలరని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో చూపింది. అది ముఖాముఖి పని. అయినా మనకు అందులో పాఠం ఉంది. పెద్ద చదువు లేకపోయినా శిక్షణ, పర్యవేక్షణ ఉంటే చాలు. ఆ రెండూ లేకుండా పెద్ద యాప్ ఉన్నా చాలదు.

ట్రామా: అనుకున్నంత కాదనలేం, అన్నిటికీ అవుననలేం

ట్రామాకు ఆన్‌లైన్ పనికిరాదని చాలామంది థెరపిస్టులే అనుకునేవారు. గతాన్ని తవ్వుతుంటే ఎదుటి మనిషి కుప్పకూలితే పట్టుకునేదెవరు అన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్న సబబే. జవాబు మాత్రం కొంత వేరుగా వచ్చింది.

వేల్స్‌లోని కార్డిఫ్ పరిశోధకులు నడిపిన ర్యాపిడ్ ట్రయల్ ఫలితాలు 2022లో బీఎంజేలో వచ్చాయి. ప్రమాదం, దాడి లాంటి ఒకే సంఘటన వల్ల తేలికపాటి నుంచి ఓ మోస్తరు పీటీఎస్‌డీ (ట్రామా తరవాత మిగిలిపోయే మానసిక సమస్య) వచ్చిన 196 మందిని రెండుగా విడదీశారు. ఒక వర్గానికి పన్నెండు దాకా ముఖాముఖి సెషన్లు. రెండో వర్గానికి ఎనిమిది మెట్ల ఆన్‌లైన్ కోర్సు, మొత్తం కలిపి మూడు గంటలకు మించని థెరపిస్టు తోడు. పదహారు వారాలకు ఆన్‌లైన్ వర్గం వెనకబడలేదు, ఖర్చూ తగ్గింది. ఏడాది తరవాత మాత్రం రెండూ సమానమేనని అంత గట్టిగా చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది ఆంకే ఎలర్స్ నాయకత్వంలోని ఆక్స్‌ఫర్డ్ బృందం 217 మందితో చేసిన పరీక్షలో, థెరపిస్టు సాయంతో నడిచిన ట్రామా కోర్సు అదే తీరులో నడిచిన ఒత్తిడి నివారణ కోర్సుకంటే మెరుగని చూపింది. కేవలం సేదతీర్చడం కాకుండా, ఆ జ్ఞాపకానికీ దాని చుట్టూ పేరుకున్న అర్థాలకూ ఎదురెళ్లడమే మేలు చేస్తోందని దీనివల్ల తెలుస్తోంది.

మన భాషల పరిస్థితికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఇరాక్‌ది. క్రిస్టీనె క్నేవెల్స్‌రుడ్ బృందం యుద్ధంలో దెబ్బతిన్న 159 మంది అరబ్బులకు, ఎక్కువగా ఇరాకీలకు, అరబ్బీలో రాత ద్వారా చికిత్స ఇచ్చి 2015లో ఫలితాలు ప్రచురించింది. ఐదు వారాల్లో పది రచనలు. జరిగింది రాయడం, దాన్ని ఇంకో వైపు నుంచి చూడటం, చివరికి దానికి ఒక వీడ్కోలు పలకడం. అరబ్బీ తెలిసిన థెరపిస్టులు చదివి జవాబు రాసేవారు. చికిత్స కోసం ఎదురుచూస్తున్నవాళ్లతో పోలిస్తే వీళ్లకు స్పష్టంగా మేలు జరిగింది. క్లినిక్ లేని చోట, బాంబులు ఆగని చోట, సొంత భాషలో ఇది సాధ్యమైంది.

అయినా ఈ ఫలితాలను అన్ని గాయాలకూ చాచలేం. చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి హింస, లైంగిక వేధింపు అనుభవించినవాళ్లలో కొందరు సెషన్ మధ్యలో ఉన్నచోటు మరచి, మాట పడిపోయి, ఎక్కడో ఉండిపోతారు. ముఖాముఖిలో థెరపిస్టు ఊపిరి తీరు, కాళ్లు వణకడం గమనించి ముందే ఆపుతారు. తెర మీద మెడ పైభాగం తప్ప కనిపించదు. ఇలాంటివాళ్లతో ఆన్‌లైన్‌లో పనిచేసే నిపుణులు తొలి వారాలన్నీ స్థిమితపడటం నేర్పడానికే వెచ్చిస్తారు. నేలను తాకడం, గదిలోని వస్తువుల పేర్లు చెప్పడం, మాట రాకపోతే చేసే సైగ ముందే అనుకోవడం లాంటివి. మొదటి సెషన్‌లోనే ‘జరిగిందంతా చెప్పండి’ అని అడిగే థెరపిస్టు దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో హద్దు మరీ ముఖ్యం. హింస ఇంకా నడుస్తూ ఉంటే, కొట్టే మనిషి పక్క గదిలోనే ఉంటే, ఇంట్లోంచి వీడియో థెరపీ ప్రమాదం. అక్కడ ముందు కావాల్సింది భద్రత. ఆ తరవాతే చికిత్స.

తెర ఆగిపోయే చోటు

ఆత్మహత్య ఆలోచన ఒక పథకం దాకా వెళ్లినవారికి, లేనివి వినిపిస్తూ కనిపిస్తూ ఉన్నవారికి, తిండి నీళ్లు మానేసినవారికి, ఉన్మాద దశలో ఉన్నవారికి ఆన్‌లైన్ థెరపీ ఒక్కటే ఎప్పుడూ చాలదు. పైన చెప్పిన ట్రయల్స్‌లో చాలావాటిలో ఇలాంటివాళ్లను చేర్చుకోనేలేదు. కాబట్టి ఆ మంచి ఫలితాలు వాళ్లకు వర్తించవు.

ఈ సందర్భంలోనే థెరపిస్టు నాణ్యత తెలుస్తుంది. పద్ధతి తెలిసినవాళ్లు మొదటి సెషన్‌కు ముందే అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరు తీసుకుంటారు. ప్రతిసారీ ‘ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని అడుగుతారు. అది కుశలప్రశ్న కాదు. అంబులెన్సు పంపాల్సి వస్తే చిరునామా కావాలి. హైదరాబాద్‌లో కూర్చున్న థెరపిస్టుకు శ్రీకాకుళంలోని మనిషి ఇల్లు తెలియకపోతే 108కి ఏం చెప్పగలరు?

మందుల సంగతి వేరు. సైకాలజిస్టు, కౌన్సెలర్ మందులు రాయకూడదు. రాయాల్సింది డాక్టరే. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అక్కడా గిరి గీశాయి. ఫాలో అప్‌లో కొనసాగించదగ్గవి, మొదటిసారి వీడియోలో చూశాకే రాయదగ్గవి, అసలు రాయకూడనివి అని మందులను విడగొట్టాయి. మనిషిని చూడకుండా చాట్‌లోనే నిద్రమాత్రల చీటీ పంపే చోటు ఏదైనా ఆ గిరి దాటినట్టే. తీవ్ర కుంగుబాటులో మందులు, థెరపీ కలిసి నడవడం మంచిది. ‘మందులొద్దు, నా దగ్గర మాట్లాడితే చాలు’ అని ఎవరైనా గట్టిగా అంటే వాళ్లు తమ గిరాకీని కాపాడుకుంటున్నారేమో ఆలోచించాలి.

మన దగ్గర లెక్క

నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఆందోళన, కుంగుబాటు లాంటి సాధారణ సమస్యల్లో చికిత్స అందనివాళ్లు దాదాపు 85 శాతం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన లెక్క మనకు పక్కవాళ్ల లెక్కల మీద ఊహే. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. తరచూ చెప్పే అంకె 0.75. ఉన్నవాళ్లు నగరాల్లో ఉన్నారు. ఎర్రగడ్డ, పెదవాల్తేరు మానసిక ఆసుపత్రుల పేర్లు వినగానే జనం జంకడం ఇంకా పోలేదు. ఆన్‌లైన్ ఆకర్షణకు ఇది పెద్ద కారణం. ఎవరి కంటా పడక్కర్లేదు.

కానీ ఆ మాట ఎవరికి నిజం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 నాటికి ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తరవాత పెరిగి ఉంటుంది. అయినా ఫోను ఇంటిల్లిపాదిదీ అయిన చోట, రెండు గదుల ఇంట్లో అత్తగారి మాట కోడలు, కోడలి మాట అత్తగారు వినే చోట, ‘ఎవరి కంటా పడక్కర్లేదు’ అన్నది మగవాళ్లకూ, విడిగా గది ఉన్నవాళ్లకూ దొరికే సౌకర్యం. చాలామంది డాబా మీదికి వెళ్లి, ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుకుని, హాస్టల్ మెట్ల మీద కూర్చుని సెషన్ కానిస్తున్నారు. థెరపిస్టు ఈ సంగతి మొదటే అడగాలి. మాట్లాడలేని క్షణంలో టైపు చేసే వీలుండాలి. ఎవరైనా గదిలోకి వస్తే మాట మార్చడానికి ఇద్దరికీ తెలిసిన ఒక పదం ఉండాలి.

దీనికి ఇంకో దారి ఉందని మన గడ్డ మీదే ఒక ప్రయత్నం చూపింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం పశ్చిమ గోదావరిలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో పనిచేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుంగుబాటు, ఆందోళన ప్రశ్నలు అడిగారు. ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు వెళ్లాయి. ఏం చేయాలో డాక్టరుకు ట్యాబ్ మెట్టు మెట్టుగా చెప్పింది. గిరిజన గ్రామాల్లో చేసిన తొలి ప్రయత్నంలో, అవసరమని తేలినవాళ్లలో వైద్యసేవ వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి చేరారు. ఈ అంకె చిన్నదే. అయినా రోగి చేతిలో స్మార్ట్‌ఫోన్ లేని చోట సాధించిన అంకె ఇది. డిజిటల్ అంటే రోగికి యాప్ అంటగట్టడమే కానక్కర్లేదు. తలుపు తట్టే మనిషి చేతికి పనిముట్టు ఇవ్వడం కూడా డిజిటలే.

టెలి మానస్ నిర్మాణంలోనూ ఈ ఆలోచన కాగితం మీద ఉంది. మొదటి అంచెలో రాష్ట్ర కేంద్రాల కౌన్సెలర్లు, రెండో అంచెలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, వైద్య కళాశాలలు. ఫోన్‌లో మాట్లాడిన మనిషి జిల్లా ఆసుపత్రి డాక్టరును కలిసే దాకా నడిపించడం దాని ఉద్దేశం. అది నిలిచేదీ పడేదీ రెండో అంచెలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీదే.

విదేశాల్లోని తెలుగువాళ్లది మరో ఇరకాటం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న విద్యార్థికి, ఉద్యోగం పోతే వీసా పోతుందన్న దిగులుతో నిద్ర పట్టని ఇంజనీరుకు తెలుగులో మాట్లాడాలని ఉంటుంది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో థెరపిస్టును చూసి పెడతారు. కానీ అమెరికాలో రోగి ఉన్న రాష్ట్రపు లైసెన్సు థెరపిస్టుకు ఉండాలి. మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం బయటి సంప్రదింపులకు వర్తించవు. అంటే ఆ సెషన్‌కు అటు అనుమతీ లేదు, ఇటు నిబంధనల అండా లేదు. ఏదైనా జరిగితే నిలదీయడానికి చోటుండదు. దీనికి మెరుగైన దారి ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న భారతీయ మూలాల థెరపిస్టునో, విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రాన్నో వెతకడం. ప్రాణాపాయం అనిపిస్తే అక్కడ 988 నంబరు ఉంది.

ఎవరిని నమ్మాలి?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉండాలి. ఈ కౌన్సిల్ 1992 చట్టం కింద ఏర్పడింది. సైకియాట్రిస్టు మెడికల్ కౌన్సిల్‌లో ఉంటారు. ‘కౌన్సెలర్’, ‘థెరపిస్టు’, ‘లైఫ్ కోచ్’ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం చాలాకాలం ఏ అడ్డూ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులను, కౌన్సెలర్లను రిజిస్టరులోకి తేవడానికి దారి వేసింది. ఆ పని ఇంకా పూర్తికాలేదు. వారాంతపు కోర్సు చేసినవారూ, పదేళ్లు ఆసుపత్రిలో పనిచేసినవారూ ఒకే యాప్‌లో ఒకే నవ్వుతో కనిపిస్తారు.

కాబట్టి అడగాలి, మొహమాటం అక్కర్లేదు. ఏం చదివారు, రిజిస్ట్రేషన్ నంబరెంత, నా సమస్యకు ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సెషన్లు పట్టవచ్చు, మీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారు, రాత్రి నాకు ప్రాణం మీదికి వస్తే ఏం చేయాలి. మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు. మేలు జరుగుతోందో లేదో కొలవడానికీ దారి ఉంది. పీహెచ్‌క్యూ–9, జీఏడీ–7 అనే చిన్న ప్రశ్నావళులు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. నాలుగు వారాలకోసారి నింపితే మార్కులు తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది. ఆరేడు సెషన్లయినా కదలిక లేకపోతే పద్ధతి మార్చమనో, సైకియాట్రిస్టు దగ్గరికి పంపమనో అడగడం రోగి హక్కు. థెరపిస్టుతో కుదరకపోతే మారడమూ హక్కే.

గుట్టు ఎవరి చేతిలో?

అమెరికాలో పెద్ద ఆన్‌లైన్ థెరపీ కంపెనీ బెటర్‌హెల్ప్ మీద 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. వినియోగదారుల ఈమెయిళ్లను, వాళ్లు నింపిన ఆరోగ్య ప్రశ్నావళి సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి ఇచ్చిందన్నది ఆరోపణ. రాజీలో 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఫిన్లండ్‌లో వస్తామో అనే థెరపీ సంస్థ సర్వర్ నుంచి ముప్పై వేలకు పైగా రోగుల రికార్డులు దొంగలపాలయ్యాయి. 2020లో ఆ దొంగ రోగులకే నేరుగా ఈమెయిళ్లు పంపి, డబ్బివ్వకపోతే మీ గుట్టు బయటపెడతానని బెదిరించాడు. 2024లో అతనికి ఆరేళ్లకు పైగా జైలు పడింది. బయటికి పొక్కిన మాటలు మాత్రం వెనక్కి రాలేదు.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గుట్టును హక్కుగా గుర్తించింది, ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులతో. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమ్మతిని తప్పనిసరి చేసింది గానీ, ఆరోగ్య సమాచారానికి విడిగా ఎక్కువ రక్షణ ఇవ్వలేదు. సెషన్ రికార్డు చేస్తారా, నోట్సు ఎక్కడ దాస్తారు, ఖాతా మూసేస్తే చెరిపేస్తారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. ఆఫీసు వాళ్లు ఉచితంగా ఇచ్చే కౌన్సెలింగ్ అయితే, మేనేజరుకు ఏం తెలుస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

చాట్‌బాట్ మాట

2025లో డార్ట్‌మత్ పరిశోధకులు ‘థెరాబాట్’ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాంను 210 మందితో పరీక్షించి, కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయని ప్రకటించారు. ఆ పరీక్షలో మనుషులు ఆ సంభాషణలను గమనిస్తూ, ప్రమాదకరమైన చోట జోక్యం చేసుకునేందుకు సిద్ధంగా ఉన్నారు. అదే ఏడాది అమెరికాలో వోబాట్ అనే చాట్‌బాట్ యాప్ మూతపడింది. ఇలినాయ్ రాష్ట్రం కృత్రిమ మేధ థెరపిస్టుగా చికిత్స చేయడాన్ని చట్టంతో నిషేధించింది. మాట కలపడానికే తయారైన మామూలు చాట్‌బాట్, ఎదుటి మనిషి అన్నదానికల్లా అవుననడానికే మొగ్గుతుంది. ఆందోళనలో పదేపదే భరోసా అడగడం జబ్బులో భాగం. అడిగినన్నిసార్లూ భరోసా ఇచ్చే యంత్రం ఆ జబ్బుకు మేత వేస్తుంది.

చివరికి తేలేది

తేలికపాటి నుంచి ఓ మోస్తరు ఆందోళనకు, కుంగుబాటుకు, ఒకే సంఘటన వల్ల వచ్చిన ట్రామాకు, శిక్షణ ఉన్న మనిషి నడిపించే ఆన్‌లైన్ చికిత్సను ధైర్యంగా ఎంచుకోవచ్చు. అది ముఖాముఖికి రెండో రకం ప్రత్యామ్నాయం కాదు. ఏళ్లనాటి గాయాలకు, తీవ్ర కుంగుబాటుకు అది ఒక భాగంగా మాత్రమే ఉండాలి. దానికి తోడు ఊళ్లో చూసే డాక్టరూ, విషయం తెలిసిన ఒక ఇంటిమనిషో స్నేహితుడో ఉండాలి.

అయితే ఈ రుజువుల్లో దాదాపు అన్నీ స్వీడన్, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాలవి. అక్కడ థెరపిస్టుకు లైసెన్సు, వెనక ప్రభుత్వ వైద్యవ్యవస్థ ఉన్నాయి. యాప్‌ను దిగుమతి చేసుకోవడం ఒక రోజు పని. మిగతావి మనం కట్టుకోవాలి. అందులో అసాధ్యమైనదేమీ లేదు. కౌన్సెలర్ల పేర్లు సామాన్యులు తెలుగులో వెతుక్కోగల రిజిస్టరు. టెలి మానస్‌కు అనుబంధంగా, మనిషి తోడుతో నడిచే తెలుగు కోర్సు, దాని మీద మన రాష్ట్రాల్లోనే ఒక నిఖార్సైన పరీక్ష. సొంత ఫోను లేని మహిళ కూర్చుని మాట్లాడటానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసుకునే ఒక గది. తరవాతి సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలకూ చోటు. ఇవి జరిగేదాకా ఆన్‌లైన్ థెరపీ మన దగ్గర బాగా పనిచేసేది అడగడం తెలిసినవాళ్లకే. అడగలేనివాళ్ల కోసం అడగాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.